జాబితాలో ఒకటో పేరు

ఆ ఎన్నికల ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా క్లర్కుగా చేస్తున్న ఆమెను అందరూ ముత్యాలక్క అంటారు. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, చేతిరాత తెచ్చిపెట్టిన పేరు. ఓటర్ల జాబితాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కాక కూడా గోడకు అంటించాల్సిన నోటీసు ఏదైనా ఉంటే ఆమె బల్ల దగ్గరికే వచ్చేది. అంతకు మించి ఆ బల్ల దగ్గరికి ఏమీ వచ్చేది కాదు. ప్రమోషను మాటెత్తితే ఆఫీసరుగారు గోడ గడియారం వైపు చూసేవారు.

ఆమె తోడికోడలు నాలుగేళ్ళ కిందట అదే ఆఫీసులో చేరింది. చేర్పించింది ముత్యాలక్కే. దరఖాస్తు నింపిపెట్టింది, ఫైలు కుట్టడం నేర్పింది, ఏ ఆఫీసరు ముందు ఎంతసేపు నిలబడాలో కూడా చెప్పింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బస్సు, మధ్యాహ్నం ఒకే డబ్బాలో తిండి. నాలుగేళ్ళు తిరిగేసరికి ఏకు మేకై కూర్చుంది. "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని అత్తగారు ఒకరోజు నవ్వుతూ అంది. ఆ నవ్వుకి ముత్యాలక్కకి నాలుగు రోజులు అన్నం సయించలేదు.

పోలింగు ఇరవై రోజులుందనగా పై నుంచి ఉత్తర్వు వచ్చింది. వరద వచ్చినా, మంటలు లేచినా, ఆఫీసు మూతపడినా ఎన్నిక ఆగకూడదు. అందుకు ఆపత్కాల ప్రణాళిక ఒకటి ఉండాలి. ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆఫీసరు అందకపోతే చార్జి ఎవరు తీసుకోవాలి, అన్నీ ముందే రాసి ఉంచుకోవాలి. తోడికోడలు వారం రోజులు కూర్చుని నలభై పేజీలు రాసింది. ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా వంటింట్లో దీపం వేసుకుని రాసేది. మధ్యలో లేచి ముత్యాలక్కను అడిగేది, "అక్కా, పాత రోజుల్లో చార్జి ఎలా అప్పగించేవాళ్ళు?" అని. ముత్యాలక్క చెప్పేది. చెప్పకుండా ఉండలేకపోయేది, తెలిసిన విషయం కదా.

మీటింగులో ఆఫీసరుగారు ప్రణాళిక చదివారు. "నేను అందుబాటులో లేకపోతే చార్జి తీసుకోవాల్సినవాళ్ళ జాబితా. ఒకటో పేరు..." అన్నారు. అందరూ ముత్యాలక్క వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది కూడా. ఆఫీసరుగారు తోడికోడలి పేరు చదివారు. రెండోది ముత్యాలక్కది.

"రాసిన మనిషికే కదా అందులో ఏముందో తెలిసేది" అన్నారాయన, ఎవరూ అడగకపోయినా. తర్వాత గోరుచుట్టు మీద రోకటిపోటు పొడిచారు. "ముత్యాలక్కా, కరెంటు లేకపోయినా పనికొచ్చేట్టు ఆ జాబితా కాగితం మీద ఉండాలి. మీ చేత్తో రాసి కవరులో పెట్టి సీలు వెయ్యండి."

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె రాయడానికి కూర్చుంది. ఒకటో గడిలో తోడికోడలి పేరు రాసింది. అక్షరాలు ముత్యాల్లాగే వచ్చాయి. అదే ఆమెకు మరీ మండింది. పక్క గడిలో ఫోన్ నెంబరు రాయాలి. ప్రణాళికలో నియమం గట్టిగా ఉంది: ఎవరూ సొంత ఫోన్లో దాచుకున్న నెంబర్లు వాడకూడదు, జాబితాలో ఉన్నదానికే చెయ్యాలి, అయిదు నిమిషాల్లో జవాబు రాకపోతే తర్వాతి పేరుకి పోవాలి. ఆ నియమం పెట్టింది కూడా తోడికోడలే. ముత్యాలక్క పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేరే నెంబరు రాసింది.

అది ఆమెకు కంఠతా వచ్చిన నెంబరు. పాత గ్రంథాలయం కింద నేలమాళిగలో ఒకప్పుడు ఎన్నికల రికార్డులు ఉండేవి, అక్కడి ఫోన్ నెంబరు. పంతొమ్మిదేళ్ళుగా ఆ లైను లేదు. ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే రెండో పేరుకి వస్తారు. ఆదివారం ఆ ప్రణాళికకు రిహార్సలు. ఒక్కసారి తోడికోడలు అందకుండా పోతే చాలు, జాబితా తిరగరాయక తప్పదు. ముత్యాలక్క కోరిందల్లా అంతే.

ఆ నేలమాళిగకొక కథ ఉంది. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది వరద వచ్చింది. రికార్డులకు కాపలాగా పాత హెడ్ క్లర్కు దిగి కూర్చున్నాడు. ఎండైనా వానైనా గొడుగు వదలడని ఆయన్ని గొడుగు తాత అనేవాళ్ళు. చార్జి తీసుకున్న మనిషి, బదులు మనిషి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేదాకా స్థానం వదలకూడదు. అది అప్పటి నియమం. నీళ్ళు వస్తున్నాయని ఆయన బదులు మనిషికి ఫోన్ చేశాడు. జాబితాలో ఉన్న నెంబరు మూడు నెలల కిందటే మారిపోయింది. ఖాళీ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. నీళ్ళు తల ముంచేదాకా ఆయన కూర్చునే ఉన్నాడు. ఆ జాబితా చక్కగా రాసిపెట్టింది అప్పటి కొత్త క్లర్కు, ముత్యాలక్కే. నెంబరు మారిందని ఆమెకెవరూ చెప్పలేదు. అప్పుడది పొరపాటు.

వరద కాలువని తర్వాత పక్కకు మళ్ళించారు. మళ్ళీ అక్కడికి చుక్క నీరు రాలేదు. గోడలు గట్టివి, తలుపులు ఇనుపవి, అడిగేవాడు లేడు. అందుకని ఆఫీసరుగారు దాన్నే రెండో ఆఫీసుగా ఖాయం చేశారు. మునిగిన చోటే ఆపదకు ఆఫీసు పెట్టడం సర్కారుకే చెల్లింది.

ఆదివారం మధ్యాహ్నం ఎండ పెటపెటలాడుతోంది. రెండు గంటలకి రిహార్సలు. తోడికోడలు ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది. అత్తగారు పక్కనే చిక్కుళ్ళు ఒలుస్తూ, "పరీక్షకి పోయే పిల్లలా ఉంది చూడు" అని మురిసిపోతోంది. ముత్యాలక్క లోపలి గదిలో తన ఫోన్ చప్పుడు తగ్గించి పట్టుకుంది.

రెండూ పది అయింది. ఆమె ఫోన్ మోగింది. అటెండరు.

"అమ్మా, ఒకటో పేరు అందలేదు. మీరు బయల్దేరండి."

"ఎత్తలేదా?" అంది, ఆశ్చర్యం నటిస్తూ.

"ఎత్తారమ్మా. మాట్లాడలేదు. ఏవో నీళ్ళ చప్పుడు... అయిదు నిమిషాలు చూసి పెట్టేశాను. అరగంట తర్వాత మళ్ళీ చెయ్యమని రాసుంది, చేస్తాను."

ఎత్తడమేమిటి? ఆ నెంబరు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు, కుళాయి దగ్గర నిలబడ్డ మనిషెవరో ఎత్తి ఉంటారు అనుకుంది ముత్యాలక్క. "కూరగాయలకు పోయొస్తా" అని సంచీ పట్టుకుని హాలు దాటింది. తోడికోడలు తలెత్తి, "అక్కా, నాకింకా ఫోన్ రాలేదేమిటో" అంది. పాపం అనిపించాలి. అనిపించలేదు. లోపలెక్కడో చల్లగా ఉంది, నిజం చెప్పాలంటే.

గ్రంథాలయం మూతపడి చాలా కాలమైంది. రిహార్సలు కదా అని ప్రణాళిక ప్రకారం ఫ్యూజు పీకేశారు. పై గదిలో కిటికీల నుంచి ఎండ పడుతోంది. కింది తలుపు తీస్తే మాత్రం, అక్కడికీ ఎండకీ ఏ సంబంధమూ లేదు. ఆమె బయట బల్ల మీద సంచీ, అందులోనే ఫోనూ వదిలేసి, అక్కడ పెట్టి ఉంచిన బ్యాటరీ దీపం తీసుకుంది. పద్నాలుగు మెట్లు. లెక్కపెట్టుకుంటూ దిగింది. కింద ముక్కిన వాసన, ఎప్పుడో తడిసి ఎండిన కాగితాల వాసన. గోడ మీద మనిషి భుజాల ఎత్తున వరద గీత ఇంకా మట్టి రంగులో ఉంది.

మధ్యలో ఒక బల్ల, ఒక కుర్చీ. బల్ల మీద చార్జి రిజిస్టరు, పెన్ను, మూలకి పాత నల్ల ఫోను. ఫోను వైరు బల్ల మీంచి జారి గాలిలో వేలాడుతోంది. కుర్చీ వెనక ఒక గొడుగు తగిలించి ఉంది.

ఎవరో మర్చిపోయి ఉంటారు అనుకుంది. గొడుగు కొసన ఒక నీటి బొట్టు ఉంది. బయట అంత ఎండ...

ఆమె ఆగలేదు. ఆగి ఆలోచిస్తే తోడికోడలు వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే ఒళ్ళంతా ఒక తృప్తి. ఇరవై ఏళ్ళ తర్వాత దొరికిన కుర్చీ, రిహార్సలుదైతేనేం. రిజిస్టరు తెరిచి, ఖాళీగా ఉన్న గడి చూసుకుని, 'చార్జి తీసుకున్నాను' అని రాసి సంతకం పెట్టింది. ముత్యాల్లాంటి సంతకం.

అప్పుడు చూసింది రిజిస్టరుని సరిగ్గా.

శుక్రవారం తోడికోడలు కొత్త రిజిస్టరు పెట్టించింది, నీలం అట్టది. ఇది నీలం కాదు. కాగితాలు నీళ్ళకి ఉబ్బి, ఎండి, అలలు అలలుగా ఉన్నాయి. తన సంతకం పైన ఇంకొక వరస ఉంది. 'చార్జి తీసుకున్నాను.' పంతొమ్మిదేళ్ళ కిందటి తేదీ. గొడుగు తాత సంతకం ఆమెకు తెలుసు. దాని పక్కన 'అప్పగించాను' అనే గడి... అక్కడా సంతకం ఉంది. ఇవాళ్టి తేదీ. సిరా ఇంకా తడిగా మెరుస్తోంది.

ఆమె వేలు పెట్టి చూసింది. వేలికి అంటింది.

ఫోన్ మోగింది.

వైరు గాలిలోనే ఉంది. ఫోన్ మోగుతోంది. ఆమె ఎత్తాలనుకోలేదు... చెయ్యి ఎత్తింది.

"చిన్న మేడంగారా?" తోడికోడలు అనుకుంటున్న అటెండరు గొంతు, చాలా దూరం నుంచి. "అటెండర్నండీ. రెండోసారి చేస్తున్నాను. అందుబాటులో ఉన్నారా?"

ముత్యాలక్క నోరు తెరిచింది. ఆమె కన్నా ముందు, అదే లైన్లో, చెవికి ఆనుకున్నంత దగ్గర నుంచి ఒక ముసలి గొంతు జవాబు చెప్పింది.

"ఉన్నాను. బదులు మనిషి వచ్చింది. నేనిక ఇంటికి పోతున్నా."

లైను తెగిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. కుర్చీకి గొడుగు లేదు.

టక్... మెట్ల మీద ఎక్కడో ఒక చప్పుడు. టక్... ఇంకో మెట్టు. పైకి వెళ్తోంది. లేవాలి. లేచి పరుగెత్తాలి. అంతలో పై నుంచి టార్చి వెలుగు పడింది, చెప్పుల చప్పుడు వినిపించింది.

"అక్కా? ఇక్కడున్నావా?"

తోడికోడలు. చెమటతో, ఇస్త్రీ నలిగిన చీరతో. మెట్ల మీద ఆమెకెవరూ ఎదురుపడినట్టు లేదు.

"రెండుంబావు దాటినా నాకు ఫోన్ రాలేదు. ఏదో తేడా జరిగిందని వచ్చేశా. పైన నీ సంచీ కనపడింది. అక్కా, ఏంటలా ఉన్నావ్?"

"ఏం లేదు."

"నువ్వు లే ముందు. పైకి పోయి కాసేపు ఎండలో కూర్చో. నా పేరే కదా ఒకటోది, చార్జి నేను తీసుకుంటా." అంటూ పెన్ను కోసం చెయ్యి చాపింది.

ఆ చెయ్యి. వంటింట్లో నలభై పేజీలు రాసిన చెయ్యి, అత్తగారు దగ్గరికి తీసుకుని గోరింటాకు పెట్టే చెయ్యి. లేచి ఒక్క సంతకం పెట్టించుకుంటే ముత్యాలక్క బయటపడేది. ఆ సంగతి ఆమెకు వెన్నులో తెలుస్తూనే ఉంది. అయినా ఆ చెయ్యి పెన్ను వైపు వస్తుంటే భయం కన్నా పెద్దది ఒకటి లేచింది. ఇదీ తీసుకుంటుందా? ఇది కూడానా?

ఆమె పెన్ను పిడికిట్లో బిగించింది. "ఈ కుర్చీ నాది. ముట్టుకోకు."

"అక్కా, నేనన్నది..."

"చార్జి నేను తీసుకున్నాను. నువ్వు పైకి పో."

తోడికోడలు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు చెమర్చాయి. "నాలుగేళ్ళుగా చూస్తున్నా, నీకు నేనేం అపకారం చేశానో నాకు తెలీదక్కా" అంది మెల్లగా. టార్చి తిప్పుకుని మెట్లెక్కింది. అడుగులు ఒక్కటొక్కటే దూరమయ్యాయి.

పైన తలుపు దగ్గర ఆగాయి. తోడికోడలి గొంతు వినిపించింది, ఆశ్చర్యంగా. "అదేంటక్కా... నువ్వెప్పుడొచ్చావ్ పైకి?"

"ఇప్పుడే. నీ వెనకే." జవాబు చెప్పిన గొంతు ముత్యాలక్కది. అచ్చంగా ఆమెదే. "కోపంలో ఏదో అన్నాన్లే, మనసులో పెట్టుకోకు. పద, ఇంటికి పోదాం. చాన్నాళ్ళయింది."

తోడికోడలు ముక్కు ఎగబీల్చి, నవ్వి, "పద అక్కా" అంది. ఆ 'అక్కా'లో ఎంత ఆపేక్ష ఉందో పద్నాలుగు మెట్ల కింద కూర్చున్నదానికి అప్పుడు తెలిసింది. తనకంటూ ఉన్న ఒక్క పిలుపు, దాన్ని ఇంకెవరో పట్టుకుపోతున్నారు. ముత్యాలక్క జీవితంలో ఎవరి మీదా అంత కుళ్ళుకోలేదు.

లేచి పరుగెత్తింది. పది... పన్నెండు... పద్నాలుగు... పై గడప మీద పెట్టబోయిన కాలికి కుర్చీ తగిలింది. బల్ల, దీపం, రిజిస్టరు. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ కుర్చీ. మూడోసారి ఎక్కలేదు. అరిచింది. అరుపు గోడలకి తగిలి నీళ్ళలో అరిచినట్టు మెత్తగా తిరిగొచ్చింది.

చివరికి ఫోన్ దగ్గరికి వచ్చింది. ఇంటికి చేసింది, ఆఫీసుకి చేసింది. ఏదీ కలవలేదు. చార్జిలో ఉన్నవాళ్ళు బదులు మనిషికే ఫోన్ చెయ్యాలి, జాబితాలో ఉన్న నెంబరుకే. రిజిస్టరు చివర్లో జాబితా నకలు ఉంది, తన చేతిరాతలోనే. బదులు మనిషి: తోడికోడలు. పక్కన నెంబరు. ఆ నెంబరు ఏ ఫోనుదో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా తిప్పింది. ఎంగేజ్ టోన్ వచ్చింది.

దీపం ఎర్రబడుతోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. పాదాలకు చలి మొదలైంది, కిందికి చూడాలంటే ధైర్యం చాలలేదు.

ఫోన్ మోగింది.

"హలో... ఎవరండీ?" తోడికోడలి గొంతు, గుసగుసగా. "అటెండరు జాబితా తిరిగిచ్చాడు. నా పేరు పక్కన ఈ నెంబరుంది. మా అక్క రాత ఇది. ఎవరిదో కనుక్కుందామని..."

"నేనేనే. మీ అక్కని."

ఆ గొంతు ఇంకా తగ్గింది.

"అక్క పక్క గదిలో ఉంది... వచ్చి మూడు గంటలైంది. అత్తయ్య పేరు పెట్టి పిలిచినా పలకట్లేదు. ఒళ్ళో గొడుగు పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. పాదాల తడి... ఎంత తుడిచినా ఆరట్లేదు. అక్కా... నిజంగా నువ్వేనా?"

ముత్యాలక్క గొంతులోకి రెండు మాటలు వచ్చాయి. రావద్దు. రా. ఇన్నేళ్ళూ కుళ్ళుతో అయితే 'రావద్దు' అనే చెప్పి ఉండేది, ఇవాళ తోడికోడలి మేలు కోరి చెప్పాల్సిన మాటా అదే. కానీ నీళ్ళు మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి.

"నెంబరు మార్చింది నేనే" అంది. "ఒకటో పేరు నీదేనమ్మా. ఎప్పుడూ నీదే. వచ్చి తీసుకో."

అవతల, తోడికోడలి వెనక నుంచి, ముత్యాలక్క గొంతు నింపాదిగా అడిగింది. "ఎవరమ్మా ఫోనూ?"

"ఎవరో... రాంగ్ నెంబరక్కా."

లైను తెగిపోయింది.

దీపం ఆరిపోయాక చీకట్లో ఆమె రిజిస్టరు తడిమి, ఖాళీ గడి వచ్చేదాకా పేజీ తిప్పి, మెట్లవైపు తిరిగేలా పెట్టింది. పెన్ను పట్టుకుంది. ఇవ్వడానికో, విరిచి పారెయ్యడానికో ఆమెకే తెలియదు.

పైన తలుపు కిర్రుమంది. మెట్ల మీద అడుగులు పడుతున్నాయి. ఆమె లెక్కపెట్టసాగింది. ఆరు... ఏడు... అప్పుడు తెలిసింది, దిగుతున్నది ఒక్కరు కాదని. ఒక జత చెప్పుల చప్పుడు, తడబడుతూ. దాని వెనకే ఇంకో జత పాదాలు, తడివి. మధ్యమధ్య గొడుగు కొస మెట్టుకి తగులుతోంది.

పద్నాలుగు దాటాయి. అడుగులు ఇంకా దిగుతూనే ఉన్నాయి.